డేవిడ్ ఓయిస్త్రాఖ్: వయొలిన్ విద్వాంసుడు, కండక్టర్

డేవిడ్ ఫ్యోదొరొవిచ్ ఓయిస్త్రాఖ్ (1908–1974) ఇరవయ్యో శతాబ్దపు వయొలిన్ విద్వాంసులలో అగ్రశ్రేణికి చెందినవారు. సోవియట్ సంగీత జీవితానికి దాదాపు నలభై ఏళ్లపాటు కేంద్రబిందువుగా నిలిచిన వాద్యకారుడు, గురువు, జీవితపు చివరి దశలో ఆర్కెస్ట్రా కండక్టర్. ఆర్కెస్ట్రా అంటే తంతి, సుషిర, తాళ వాద్యాలను కలిపి వాయించే పెద్ద వాద్యబృందం. ఆ బృందం ముందు నిలబడి, చేతి కదలికలతో లయను, స్వర తీవ్రతను, వాద్యాల ప్రవేశాన్ని నిర్ణయించే వ్యక్తిని కండక్టర్ అంటారు. ప్రొకోఫియెవ్, షోస్టకోవిచ్, ఖచతూరియన్, మ్యాస్కొవ్‌స్కీ వంటి స్వరకర్తలు తమ ముఖ్యమైన వయొలిన్ రచనలను ఓయిస్త్రాఖ్ వాదనను దృష్టిలో పెట్టుకొని రాశారు, లేదా వాటి తొలి ప్రదర్శనను ఆయన చేతికి అప్పగించారు. ఈ కారణంగా ఆయన చరిత్ర ఒక వాద్యకారుడి విజయాల పట్టికగా ముగిసిపోదు. గత శతాబ్దంలో వయొలిన్ సాహిత్యం ఎలా పెరిగిందో తెలియాలన్నా ఆయన దగ్గరికే రావలసి ఉంటుంది.

ఆయనను రష్యన్ విద్వాంసుడిగా పేర్కొనడం పరిపాటి అయినా, ఆ మాటకు కొంత వివరణ అవసరం. ఆయన పుట్టిన ఒడెస్సా నగరం అప్పటి రష్యన్ సామ్రాజ్యంలోనిది, నేటి ఉక్రెయిన్‌లోనిది. కుటుంబం యూదు కుటుంబం. వృత్తిజీవితం చాలావరకు మాస్కో కేంద్రంగా గడిచింది. పౌరసత్వం సోవియట్ యూనియన్‌ది. సంగీత చరిత్రకారులు రష్యన్ వయొలిన్ సంప్రదాయమని పిలిచే శిక్షణ పద్ధతికి ఆయన ప్రతినిధి కావడం వల్లనే ఆ విశేషణం ఆయన పేరుతో స్థిరపడింది.

ఒడెస్సా, స్తొల్యార్‌స్కీ శిక్షణ

ఓయిస్త్రాఖ్ 1908 సెప్టెంబరు 30న జన్మించారు. అప్పట్లో రష్యాలో అమలులో ఉన్న పాత పంచాంగం ప్రకారం అది సెప్టెంబరు 17. తండ్రి ఇష్టంతో వయొలిన్ వాయించేవారు. తల్లి ఒడెస్సా ఒపెరా బృందగానంలో పాడేవారు. నల్ల సముద్రపు రేవు పట్టణమైన ఒడెస్సాలో ఆనాడు సంగీతానికి ప్రత్యేకమైన ఆదరణ ఉండేది. సామ్రాజ్యంలో యూదులు ఎక్కడ నివసించాలో, ఎంతమంది ఉన్నత విద్య పొందాలో నిర్ణయించే ఆంక్షలు అమలులో ఉన్న కాలంలో, వయొలిన్ విద్య ఒక పేద కుటుంబానికి గౌరవప్రదమైన జీవితాన్ని తెరిచే కొద్ది దారులలో ఒకటిగా కనిపించేది. చిన్న వయసులోనే పిల్లల చేతికి వయొలిన్ అందించే అలవాటు ఆ నగరంలో బలపడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఓయిస్త్రాఖ్ ఐదేళ్ల వయసులో ప్యోతర్ స్తొల్యార్‌స్కీ వద్ద వయొలిన్, వియోలా నేర్చుకోవడం మొదలుపెట్టారు. వియోలా వయొలిన్ కన్నా కాస్త పెద్దది, స్వరం మంద్రంగా పలికే తోబుట్టువు వంటి వాద్యం. స్తొల్యార్‌స్కీ చాలా చిన్న పిల్లలకు నేర్పడంలో దిట్ట. బడిలో పాఠంలా కాక పిల్లలందరినీ ఒకచోట కూర్చి కలిసి వాయింపజేసే ఆయన పద్ధతి వల్ల, వేదిక అంటే భయం పుట్టకముందే అది అలవాటైపోయేది. తర్వాతి కాలంలో అమెరికాలో ప్రఖ్యాతుడైన నాథన్ మిల్‌స్టైన్ కూడా ఇదే గురువు శిష్యుడు. 1933లో ప్రతిభావంతులైన పిల్లల కోసం ఒడెస్సాలో ప్రత్యేక సంగీత పాఠశాల స్తొల్యార్‌స్కీ పేరిటనే వెలిసింది. అటువంటి పాఠశాలలు తర్వాత దేశమంతటా ఏర్పడడానికి అది నమూనా అయింది.

1914లో ఆరేళ్ల ప్రాయంలో తొలిసారి వేదికనెక్కిన ఓయిస్త్రాఖ్, 1923లో ఒడెస్సా సంగీత కళాశాలలో చేరి, స్తొల్యార్‌స్కీ తరగతిలోనే కొనసాగి, 1926లో పట్టా పొందారు. పట్టా పరీక్షకు ఆయన ఎంచుకున్న రచనలు ఆ వయసులోనే ఆయన దృష్టి ఎంత విశాలమో చెబుతాయి: బాఖ్ రచించిన ఒంటరి వయొలిన్ షకోన్, తార్తీని సొనాటా, రూబిన్‌స్టైన్ వియోలా సొనాటా, వాటి సరసన అప్పటికి పదేళ్లు కూడా నిండని ప్రొకోఫియెవ్ మొదటి కన్సర్టో. సొనాటా అంటే ఒకటి రెండు వాద్యాలకు రాసిన బహుభాగ రచన. కన్సర్టో అంటే ఒక ప్రధాన వాద్యకారుడు ఆర్కెస్ట్రాతో సంవాదం జరుపుతున్నట్టు సాగే, సాధారణంగా మూడు భాగాలుండే రచన.

ఆ ప్రొకోఫియెవ్ కన్సర్టోయే ఆయనకు తొలి గట్టి పాఠం నేర్పింది. 1927లో ప్రొకోఫియెవ్ ఒడెస్సాకు వచ్చినప్పుడు జరిగిన సన్మాన సభలో, స్వరకర్త సమక్షంలో ఓయిస్త్రాఖ్ ఆ కన్సర్టోలోని వేగవంతమైన రెండో భాగాన్ని వాయించారు. సభ కరతాళధ్వనులు చేస్తుండగా ప్రొకోఫియెవ్ మాత్రం ముఖం చిట్లించి, వేదిక మీదికి వచ్చి, అలా వాయించకూడదని అందరి ఎదుటా చెప్పి, పియానో దగ్గర కూర్చొని తన సంగీతపు స్వభావం ఏమిటో వివరించారు. పద్దెనిమిదేళ్ల యువకుడికి అది అవమానమే. అయినా స్వరకర్త మనసులోని ధ్వనిని పట్టుకోవడమే వాద్యకారుడి మొదటి పని అన్న అవగాహన తర్వాతి కాలంలో ఓయిస్త్రాఖ్ వృత్తిజీవితం మొత్తాన్ని నడిపింది. ఆనాడు మందలించిన ప్రొకోఫియెవ్ కొన్నేళ్లకు ఆయనకు అత్యంత సన్నిహిత మిత్రుడయ్యారు.

మాస్కో, పోటీల దశాబ్దం

1927లో వృద్ధ స్వరకర్త గ్లజునోవ్ స్వయంగా ఆర్కెస్ట్రాను నడపగా, ఆయన కన్సర్టోను కీవ్ నగరంలో వాయించడం ఓయిస్త్రాఖ్‌కు పెద్ద మలుపయింది. దాని ఫలితంగా 1928లో నికొలాయ్ మల్కో నేతృత్వంలోని లెనిన్‌గ్రాద్ ఫిల్‌హార్మోనిక్‌తో చైకోవ్‌స్కీ కన్సర్టో వాయించే ఆహ్వానం అందింది. ఆ కాలంలోనే ఆయన మాస్కోకు నివాసం మార్చారు, పియానో విద్వాంసురాలు తమారా రొతరేవాను వివాహం చేసుకున్నారు. 1931లో జన్మించిన వారి కుమారుడు ఈగర్ ఓయిస్త్రాఖ్ తర్వాత తండ్రి వద్దనే శిక్షణ పొంది, స్వయంగా ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడయ్యారు. 1934లో మాస్కో సంగీత కళాశాలలో బోధకుడిగా చేరిన డేవిడ్, 1939లో ప్రొఫెసర్ అయ్యారు.

1930లలో సోవియట్ ప్రభుత్వం సంగీత పోటీలను దేశ ప్రతిష్ఠకు కొలమానంగా భావించింది. ఓయిస్త్రాఖ్ 1935లో అఖిల సోవియట్ పోటీలో ప్రథమ స్థానం పొంది, అదే సంవత్సరం వార్సాలో జరిగిన వెన్యావ్‌స్కీ అంతర్జాతీయ పోటీలో రెండో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం పదిహేనేళ్ల ఫ్రెంచి బాలిక జినెట్ నెవూకు దక్కింది. ఆమె వాదన విన్నాక ఆ బహుమతి ఆమెకే దక్కడం న్యాయమని ఓయిస్త్రాఖ్ భార్యకు ఉత్తరంలో రాశారు. ప్రత్యర్థి ప్రతిభను మనస్ఫూర్తిగా ఒప్పుకునే ఈ గుణాన్ని ఆయన సమకాలికులు పదేపదే ప్రస్తావించారు.

1937లో బ్రస్సెల్స్‌లో, బెల్జియం విద్వాంసుడు యూజెన్ ఇజాయి పేరిట జరిగిన పోటీలో ఆయన ప్రథమ బహుమతి గెలుచుకున్నారు. నేడు క్వీన్ ఎలిజబెత్ పోటీగా ప్రసిద్ధమైనది ఇదే. ఆ ఏడు మొదటి ఆరు స్థానాలలో రెండోది తప్ప మిగిలిన ఐదూ సోవియట్ వాద్యకారులకే దక్కాయి. ఆ ఐదుగురిలో ఓయిస్త్రాఖ్, ఎలిజబెత్ గిలెల్స్, బోరిస్ గోల్డ్‌స్టైన్, మిఖయీల్ ఫిఖ్తెన్‌గోల్ట్స్ అనే నలుగురు స్తొల్యార్‌స్కీ దగ్గర శిక్షణ పొందినవారే. ఒక రేవు పట్టణపు ఉపాధ్యాయుడి తరగతి గది యూరప్ సంగీత ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన సందర్భంగా దీనిని చెప్పుకోవాలి.

యుద్ధకాలం, బృందవాదన

బ్రస్సెల్స్ విజయంతో విదేశీ వేదికల దారి తెరుచుకున్నట్టే కనిపించినా, ప్రపంచ యుద్ధం ఆ అవకాశాన్ని దాదాపు పదిహేనేళ్లు వెనక్కి నెట్టింది. యుద్ధ సంవత్సరాలలో ఓయిస్త్రాఖ్ సైనికుల శిబిరాలలో, ఆసుపత్రులలో, కర్మాగారాలలో వాయించారు. శత్రు సేనలు చుట్టుముట్టిన లెనిన్‌గ్రాద్‌కు శీతకాలంలో వెళ్లి చైకోవ్‌స్కీ కన్సర్టో వినిపించారు. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. 1943లో స్టాలిన్ బహుమతి పొందారు.

పియానో విద్వాంసుడు లెవ్ ఒబోరిన్, చెల్లో విద్వాంసుడు స్వ్యతొస్లావ్ క్నుషెవిత్‌స్కీలతో ఆయన ఏర్పరచిన త్రయం కూడా ఈ కాలంలోనే రూపుదిద్దుకుంది. కొద్దిమంది వాద్యకారులు కండక్టర్ లేకుండా, ఒకరి ఊపిరిని ఒకరు గమనిస్తూ వాయించే సంగీతాన్ని ఛాంబర్ సంగీతం అంటారు. 1963లో క్నుషెవిత్‌స్కీ మరణించేదాకా ఈ త్రయం కొనసాగింది. ఎదుటివారిని వింటూ వాయించే ఈ అభ్యాసం ఓయిస్త్రాఖ్ తర్వాతి కండక్టర్ జీవితానికి తెలియకుండానే పునాది వేసిందని చెప్పవచ్చు.

యుద్ధం ముగిసిన 1945లో అమెరికన్ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ మాస్కోకు వచ్చినప్పుడు ఇద్దరి మధ్య జీవితకాల మైత్రి మొదలైంది. 1947లో ప్రాగ్ వసంతోత్సవంలో వారు బాఖ్ జంట వయొలిన్ కన్సర్టోను కలిసి వాయించారు. 1946–47లో మాస్కోలో ఓయిస్త్రాఖ్ వయొలిన్ కన్సర్టో పరిణామ చరిత్రను వినిపించే కచేరీల వరుసను చేపట్టి, పాత రచనలతో పాటు సిబేలియస్, ఎల్గార్, వాల్టన్ వంటి వారి కన్సర్టోలను సోవియట్ శ్రోతలకు పరిచయం చేశారు. విదేశీ సంగీతం అనుమానానికి గురవుతున్న రోజులలో ఈ ఎంపికకు సాహసమే కావలసి వచ్చింది.

ప్రొకోఫియెవ్, ఖచతూరియన్ రచనలు

1939లో మ్యాస్కొవ్‌స్కీ కన్సర్టోను, 1940 సెప్టెంబరు 16న మాస్కోలో ఖచతూరియన్ కన్సర్టోను ఓయిస్త్రాఖ్ తొలిసారి వినిపించారు. ఖచతూరియన్ రచనకు ఆయన సొంతంగా కడెంజా రాసుకున్నారు. కన్సర్టో మధ్యలో ఆర్కెస్ట్రా పూర్తిగా ఆగిపోయి, ప్రధాన వాద్యకారుడు ఒంటరిగా తన నైపుణ్యాన్ని, ఊహను చూపే ఘట్టాన్ని కడెంజా అంటారు. కర్ణాటక కచేరీలో తాళవాద్యాలు ఆగిపోగా సాగే ఆలాపనను అది కొంత గుర్తు చేసినా, అది చాలావరకు ముందే రాసుకున్న సంగీతం.

ప్రొకోఫియెవ్‌తో మైత్రి చదరంగం బల్ల దగ్గర కూడా వెల్లివిరిసింది. 1937లో మాస్కోలో కళాకారుల భవనంలో వారిద్దరి మధ్య జరిగిన చదరంగం పోటీకి ప్రేక్షకులు వచ్చారు. 1943లో ప్రొకోఫియెవ్ వేణువు కోసం రాసిన సొనాటాను విన్న ఓయిస్త్రాఖ్, అది వయొలిన్ మీద మరింత సంపూర్ణంగా పలుకుతుందని స్వరకర్తను ఒప్పించి, మార్పులలో సహకరించారు. వేణువు భాగంలో ఒక్కొక్క చోట వయొలిన్‌కు అనువైన రెండు మూడు ప్రత్యామ్నాయాలను ఆయన సిద్ధం చేస్తే, స్వరకర్త వాటిలో ఒకదాన్ని ఎంచుకునేవారు. అలా రూపొందిన రెండో వయొలిన్ సొనాటా 1944లోనూ, ఎనిమిదేళ్లపాటు సాగి పూర్తయిన మొదటి సొనాటా 1946లోనూ, రెండూ ఒబోరిన్ పియానో సహకారంతో, ఓయిస్త్రాఖ్ చేతి మీదుగా తొలిసారి వినిపించాయి.

మొదటి సొనాటాలో మొదటి భాగం చివర వయొలిన్ మీద అతి సన్నని స్వరంతో, వేగంగా పైకీ కిందికీ పాకే స్వరపంక్తులు వస్తాయి. అవి శ్మశానంలో వీచే గాలిలా ఉండాలని ప్రొకోఫియెవ్ చెప్పినట్టు ఓయిస్త్రాఖ్ గుర్తు చేసుకున్నారు. 1953 మార్చి 5న, స్టాలిన్ కన్నుమూసిన రోజునే, ప్రొకోఫియెవ్ కూడా మరణించారు. దేశం దృష్టి అంతా నాయకుడి అంత్యక్రియల మీద ఉండగా, కొద్దిమంది ఆప్తులు మాత్రమే హాజరైన స్వరకర్త వీడ్కోలు సభలో, శామ్యూల్ ఫైన్‌బెర్గ్ పియానో వాయించగా, ఓయిస్త్రాఖ్ అదే సొనాటాలోని మొదటి, మూడవ భాగాలను వినిపించారు.

షోస్టకోవిచ్ కన్సర్టోలు

ఓయిస్త్రాఖ్ వృత్తిజీవితంలో అత్యంత గాఢమైన అధ్యాయం షోస్టకోవిచ్ మొదటి వయొలిన్ కన్సర్టోది. 1947లో మొదలైన ఈ రచన 1948 మార్చిలో పూర్తయింది. సరిగ్గా ఆ మధ్యలో, 1948 ఫిబ్రవరి 10న, పార్టీ కేంద్ర సంఘం షోస్టకోవిచ్, ప్రొకోఫియెవ్ తదితరుల సంగీతం ప్రజలకు దూరమైనదని ఖండిస్తూ తీర్మానం వెలువరించింది. ఆ వాతావరణంలో కన్సర్టోను బయటపెట్టడం ప్రమాదకరమని తలచి, స్వరకర్త దాన్ని సొరుగులో దాచారు. ఏడేళ్లకు పైగా ఎదురుచూశాక, 1955 అక్టోబరు 29న లెనిన్‌గ్రాద్‌లో, యెవ్‌గేనీ మ్రవిన్‌స్కీ ఆర్కెస్ట్రాను నడపగా, ఆ రచనను అంకితం పొందిన ఓయిస్త్రాఖ్ దాన్ని తొలిసారి వాయించారు.

ఈ కన్సర్టోకు మామూలు మూడు భాగాలు కాక నాలుగు ఉన్నాయి. రాత్రివేళ ఆలోచనలా నెమ్మదిగా సాగే నాక్టర్న్ తర్వాత, వికృతమైన నృత్యంలా దూకే స్కెర్జో వస్తుంది. అందులో స్వరకర్త తన పేరులోని అక్షరాలను జర్మన్ స్వరనామాలుగా మార్చి కూర్చిన నాలుగు స్వరాల సంతకం వినిపిస్తుంది. మూడవది పాసకాలియా: మంద్రస్థాయిలో ఒకే స్వరపంక్తి మళ్లీ మళ్లీ తిరుగుతుండగా, దాని మీద కొత్త కొత్త రాగభావాలు పేరుస్తూ పోయే ప్రాచీన రూపం. దాని చివర ఆర్కెస్ట్రా క్రమంగా తప్పుకోగా, వయొలిన్ ఒంటరిగా మిగిలి, దీర్ఘమైన కడెంజాను నిమిషాల తరబడి మోసుకుంటూ, విరామం లేకుండా చివరి భాగమైన బర్లెస్క్‌లోకి దూకుతుంది.

తొలి ప్రతిలో ఆ చివరి భాగాన్ని కూడా వయొలినే మొదలుపెట్టేది. సాధనలో ఓయిస్త్రాఖ్ స్వరకర్తకు ఒక విన్నపం చేశారు: కడెంజా ముగిసేసరికి వాద్యకారుడు చెమటతో తడిసి ముద్దవుతాడనీ, నుదురు తుడుచుకునేందుకైనా వ్యవధి దొరికేలా ఆ ఆరంభాన్ని ఆర్కెస్ట్రాకు ఇవ్వమనీ కోరారు. షోస్టకోవిచ్ వెంటనే అంగీకరించి మార్చారు. వాద్యకారుడి శరీరానికి కూడా రచనలో చోటు ఉందని గుర్తించిన ఈ చిన్న మార్పు, ఆ ఇద్దరి మధ్య ఉన్న విశ్వాసానికి చక్కని నిదర్శనం. 1956లో ఓయిస్త్రాఖ్ ఈ కన్సర్టో ఔన్నత్యాన్ని వివరిస్తూ సోవియట్ సంగీత పత్రికలో వ్యాసం రాశారు. ప్రముఖులు చాలామంది దాని గురించి మౌనం పాటిస్తున్న సమయంలో ఆ వ్యాసం స్వరకర్తకు పెద్ద అండ అయింది.

షోస్టకోవిచ్ రెండో వయొలిన్ కన్సర్టోకు కారణం ఒక తీయని పొరపాటు. ఓయిస్త్రాఖ్ అరవయ్యో పుట్టినరోజు కానుకగా ఆయన దాన్ని రాసి, 1967 సెప్టెంబరులో ప్రదర్శనకు సిద్ధం చేశారు. తీరా ఆ ఏడు ఓయిస్త్రాఖ్‌కు నిండినవి యాభై తొమ్మిదేళ్లే. లెక్క తప్పినందుకు పరిహారంగా మరుసటి సంవత్సరం అసలైన అరవయ్యో పుట్టినరోజుకు వయొలిన్ సొనాటాను రాసి ఇచ్చారు; దాని తొలి బహిరంగ ప్రదర్శనను 1969 మే 3న మాస్కోలో స్వ్యతొస్లావ్ రిఖ్తర్ పియానోతో ఓయిస్త్రాఖ్ చేశారు.

విదేశీ వేదికలు

స్టాలిన్ అనంతర కాలంలో సోవియట్ ప్రభుత్వం తన కళాకారులను పాశ్చాత్య దేశాలకు పంపడం మొదలుపెట్టినప్పుడు, ఓయిస్త్రాఖ్ ఆ బృందంలో ముందువరుసలో నిలిచారు. 1953లో పారిస్, 1954లో లండన్, 1955లో న్యూయార్క్ ఆయనను విన్నాయి. 1955 నవంబరు 20న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఒకే రోజున మిషా ఎల్మన్, ఓయిస్త్రాఖ్, మిల్‌స్టైన్ ఒకరి తర్వాత ఒకరు కచేరీ చేశారు. ఆ ముగ్గురూ ఒడెస్సాలో చదువుకున్నవారే. ఇద్దరు దేశం విడిచి వెళ్లినవారు, ఒకరు దేశంలో ఉండిపోయినవారు. అదే ఏడాది డిసెంబరు చివర దిమిత్రీ మిత్రోపులోస్ నేతృత్వంలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో ఆయన షోస్టకోవిచ్ కన్సర్టోను అమెరికాకు వినిపించారు. లెనిన్‌గ్రాద్ తొలి ప్రదర్శన జరిగి అప్పటికి రెండు నెలలే అయింది.

ఈ పర్యటనలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరిగేవి. ఎక్కడ, ఎప్పుడు వాయించాలో అవే నిర్ణయించేవి, విదేశాలలో వచ్చిన పారితోషికంలో అధికభాగం ఖజానాకే చేరేది. ఓయిస్త్రాఖ్ ఆ వ్యవస్థలోనే ఉండి, దాని గౌరవాలు అందుకుంటూ, దాని బరువునూ మోశారు. 1953లో జాతీయ స్థాయి ప్రజా కళాకారుడి బిరుదు, 1960లో లెనిన్ బహుమతి లభించాయి. తీరికలేని ప్రయాణాలు, బోధన, ధ్వనిముద్రణలు కలిసి ఆయన ఆరోగ్యాన్ని కుంగదీశాయి. 1964లో గుండెపోటు వచ్చింది.

వాదన శైలి

కర్ణాటక విద్వాంసుడు నేలమీద కూర్చొని, వయొలిన్ కొనను పాదం మీద ఆనించి, తీగలను షడ్జ పంచమాలకు శ్రుతి చేసుకొని, ఎడమచేతిని స్వేచ్ఛగా జార్చుతూ గమకాలు పలికిస్తారు. పాశ్చాత్య విద్వాంసుడు నిలబడి, వాద్యాన్ని భుజానికీ గడ్డానికీ మధ్య పట్టి, ఒక్కొక్క తీగను దాని కింది తీగకు పంచమంగా శ్రుతి చేసి, ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క వేలి స్థానాన్ని ఖచ్చితంగా పట్టుకుంటారు. అక్కడ స్వరానికి ప్రాణం పోసేవి ప్రధానంగా రెండు: కుడిచేతిలోని కమాను ఒత్తిడి, వేగం, ఎడమచేతి వేలి కొనను తీగపై స్వల్పంగా ఊపడం వల్ల పుట్టే కంపనం, అంటే వైబ్రాటో.

ఈ రెండింటినీ ఓయిస్త్రాఖ్ సందర్భాన్ని బట్టి మార్చగలిగేవారు. ఆయన ధ్వని నిండుగా, గుండ్రంగా ఉంటుంది. పెద్ద హాలులో చివరి వరుస దాకా అది చేరడానికి కారణం బలప్రయోగం కాదు. కమాను దిశ మారినట్టు చెవికి తెలియనంత నునుపుగా సాగే కుడిచేయి. వైబ్రాటోను ఆయన ప్రతి స్వరానికీ ఒకే మోతాదులో పూసేవారు కాదు; షోస్టకోవిచ్ నాక్టర్న్‌లో దాన్ని దాదాపు ఉపసంహరించి స్వరాన్ని పాలిపోయినట్టు వినిపిస్తే, బ్రామ్స్ నిదానపు భాగాలలో అదే కంపనం విశాలంగా, వెచ్చగా విచ్చుకుంటుంది. వేదికపై అనవసరమైన కదలిక ఉండేది కాదు. బలిష్ఠమైన శరీరం స్థిరంగా నిలిచి ఉండగా, చేతులు మాత్రమే పనిచేసేవి. ఆయన వాయించిన వాద్యాలలో స్ట్రాడివారి తయారుచేసిన 1702 నాటి, 1705 నాటి వయొలిన్లు ముఖ్యమైనవి. 1966 నుంచి చివరిదాకా చేతిలో ఉన్నది మార్సిక్ అనే పేరుగల రెండోది.

ఆయన ధ్వనిముద్రణలలో 1960లో ఒటో క్లెంపరర్‌తోనూ 1969లో జార్జ్ సెల్‌తోనూ చేసిన బ్రామ్స్ కన్సర్టో, 1969లో కరాయాన్ నేతృత్వంలో రిఖ్తర్, రొస్త్రొపోవిచ్‌లతో చేసిన బీథోవెన్ త్రివాద్య కన్సర్టో విస్తృతంగా ప్రసిద్ధి పొందాయి.

కండక్టర్‌గా రెండో వృత్తి

1960ల ఆరంభానికి ఓయిస్త్రాఖ్ ఆర్కెస్ట్రా ముందు కమాను బదులు నిర్దేశకుడి కర్ర పట్టుకొని నిలబడడం మొదలైంది. తొలినాళ్లలో ఆయన ఎక్కువగా కుమారుడు ఈగర్ వయొలిన్ వాయించే కన్సర్టోలకు ఆర్కెస్ట్రాను నడిపేవారు. క్రమంగా మాస్కో ఫిల్‌హార్మోనిక్‌తో సింఫనీలకు విస్తరించారు. సింఫనీ అంటే ప్రధాన వాద్యకారుడు లేకుండా ఆర్కెస్ట్రా మొత్తం కోసం రాసిన బృహద్రచన. గలీనా విష్నెవ్‌స్కాయా గానంతో మాలర్ నాలుగో సింఫనీ, రుదొల్ఫ్ బర్షాయ్ వియోలాతో బెర్లియోజ్ రాసిన ఇటలీలో హెరాల్డ్ ఆయన నేతృత్వంలో ధ్వనిముద్రణ పొందాయి.

వాద్యకారుడు కండక్టర్‌గా మారినప్పుడు ఎదురయ్యే చిక్కు చిన్నది కాదు. వయొలిన్ చేతిలో ఉన్నంతసేపు తన స్వరానికి తానే పూచీ. కండక్టర్ చేతిలో పలికే వాద్యం ఏదీ ఉండదు, పదుల సంఖ్యలోని ఇతరుల శ్వాస ద్వారానే అతని ఊహ వినిపించాలి. ఓయిస్త్రాఖ్‌కు ఇక్కడ సహాయపడినవి రెండు: దశాబ్దాల త్రయ వాదనలో అలవడిన వినికిడి, గొప్ప కండక్టర్లందరి పక్కన నిలబడి వాయించిన అనుభవం. తంతివాద్యాల విభాగాన్ని ఆయన మాటలతో కాక కమాను కదలికల భాషలో నడిపించేవారు. వయొలిన్ వాయించే వారందరికీ ఆ భాష వెంటనే అర్థమయ్యేది.

ఈ రెండు వృత్తులూ ఒక్కటైన ఘట్టం 1970–72 మధ్య బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసిన మొజార్ట్ కన్సర్టోల ధ్వనిముద్రణ. అందులో ఆయనే ప్రధాన వాద్యకారుడు, ఆయనే కండక్టర్. మొజార్ట్ కాలంలో విడిగా కండక్టర్ ఉండేవాడు కాదు. వయొలిన్ వాయిస్తున్నవారే తల ఊపి, కమాను కొనతో సంజ్ఞ చేసి బృందాన్ని కదిలించేవారు. ఆ పాత పద్ధతిలో ఆర్కెస్ట్రా సభ్యులు చేతి దెబ్బను కాక వయొలిన్ స్వరాన్నే అనుసరించవలసి వస్తుంది కాబట్టి, సంగీతానికి సంభాషణ స్వభావం వస్తుంది. వయొలిన్, వియోలాలకు మొజార్ట్ రాసిన జంట కన్సర్టోలో ఈగర్‌కు వయొలిన్ అప్పగించి, తాను లోపలి స్వరమైన వియోలాను తీసుకోవడం డేవిడ్ స్వభావాన్ని చెప్పకనే చెబుతుంది. స్తొల్యార్‌స్కీ దగ్గర బాల్యంలో నేర్చిన ఆ వాద్యం చివరిదాకా ఆయన చేతిని వదలలేదు.

గురువు, శిష్యపరంపర

మాస్కో సంగీత కళాశాలలో నాలుగు దశాబ్దాల బోధన ఓయిస్త్రాఖ్ వారసత్వంలో సగభాగం. గీడన్ క్రేమర్, ఒలెగ్ కగాన్, విక్తర్ పికైజెన్, లియానా ఇసకాద్జె, లీదియా మొర్ద్‌కోవిచ్ ఆయన శిష్యులలో ప్రముఖులు. 1958లో ఆరంభమైన చైకోవ్‌స్కీ అంతర్జాతీయ పోటీలో వయొలిన్ విభాగపు న్యాయనిర్ణేతల మండలికి ఆయన అధ్యక్షత వహించారు. ఆ తొలి పోటీలో విజేత అయిన వలేరీ క్లిమోవ్, 1970లో విజేత అయిన క్రేమర్ ఇద్దరూ ఆయన తరగతివారే. 1935లో తండ్రికి రెండో స్థానం ఇచ్చిన వెన్యావ్‌స్కీ పోటీలో 1952లో కుమారుడు ఈగర్ ప్రథముడయ్యారు. ఆయన శిష్యులు ఒకరికొకరు పోలిక లేకుండా వాయించడం గమనార్హం. ఎవరి స్వభావం వారిలోనే వికసించేలా వదిలిపెట్టి, అవసరమైన చోట మాత్రం వయొలిన్ చేతికి తీసుకొని వాయించి చూపడం ఆయన పద్ధతి.

వయొలిన్ నుంచి కండక్టర్ స్థానానికి వెళ్లే దారి ఆయన తర్వాత రష్యన్ సంప్రదాయంలో బాగా నలిగింది. 1979లో మాస్కో విర్తుఓజి ఛాంబర్ ఆర్కెస్ట్రాను, 2003లో రష్యా జాతీయ ఫిల్‌హార్మోనిక్‌ను స్థాపించిన వ్లదీమిర్ స్పివకోవ్, 1997లో క్రెమెరాతా బాల్టికా బృందాన్ని స్థాపించిన క్రేమర్ ఈ దారిలో నడిచినవారే.

చివరి రోజులు, స్థానం

1974 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రామ్స్ రచనల కచేరీల వరుసను నిర్వహిస్తుండగా, 24వ తేదీన ఓయిస్త్రాఖ్ గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 66 ఏళ్లు. మాస్కోలోని నొవొదేవిచీ శ్మశానవాటికలో, ప్రొకోఫియెవ్‌ను ఖననం చేసిన చోటనే ఆయనకూ అంతిమ స్థానం లభించింది. ఏడాది తిరగకముందే షోస్టకోవిచ్ కూడా అక్కడికే చేరారు.

ఓయిస్త్రాఖ్ కన్నా వేగంగా వాయించినవారు, వేదికపై ఎక్కువగా మెరిసినవారు ఆయన కాలంలో లేకపోలేదు. స్వరకర్తలు ఆయనకు తమ రచనలను నమ్మకంతో అప్పగించడమే ఆయనను ప్రత్యేక స్థానంలో నిలిపింది. ఆ నమ్మకం ఒడెస్సా సభలో ప్రొకోఫియెవ్ మందలింపును స్వీకరించిన నాటి నుంచి ఆయన కష్టపడి సంపాదించుకున్నది. షోస్టకోవిచ్ మొదటి కన్సర్టో ముద్రిత ప్రతిలో, కడెంజా ముగిశాక ఆర్కెస్ట్రా విజృంభించే ఆ కొద్ది క్షణాలపాటు, ప్రధాన వయొలిన్ వరుసలో విరామ చిహ్నాలు మాత్రమే కనిపిస్తాయి. ఆ ప్రతిని అనుసరించి వాయించే ఏ యువ వాద్యకారుడైనా, ఏ దేశంలోనైనా, అక్కడ కమాను దించి నుదుటి చెమట తుడుచుకునే వ్యవధి పొందుతాడు. అది ఓయిస్త్రాఖ్ అడిగి తెచ్చిపెట్టిన ఊపిరి.